వెరీ ముద్ర

సోమవారం పొద్దున నీటి సరఫరా కార్యాలయం పెద్దగుమాస్తా ఇంట్లో గడ్డం గీసుకుంటూ, ఆ రోజు తాను చేయవలసిన పనులు మూడని తేల్చుకున్నాడు. బూట్లకు పాలిష్ పెట్టించాలి. కళ్ళద్దాల మర బిగించాలి. పదిన్నరకల్లా లోకాన్ని ఒక మాట పీడ నుంచి విడిపించాలి. మొదటి రెండింటితో ఆగి ఉంటే ఈ కథ రాయవలసిన పని ఉండేది కాదు. కానీ ఆగవలసిన చోట ఆగే మనిషే అయితే, ఆఫీసులో అందరూ ఆయన్ని వెనకాల "నిఘంటువు" అని ఎందుకు పిలుస్తారు?

ఆ మాట "వెరీ". ఇంగ్లీషులో ఒకదాని గొప్పను పెంచడానికి వాడే మాటలు ఇంకా బోలెడున్నాయి. ఆయనకు పడనిది మాత్రం ఇదొక్కటే. "ఒకప్పుడు దానికి 'నిజమైన' అని అర్థం ఉండేది. జనం దాన్ని ప్రతి అబద్ధానికీ ముందు తగిలించి భ్రష్టు పట్టించారు" అని ఆయన సిద్ధాంతం. వెరీకీ వెర్రికీ చుట్టరికం కలిపే జోకును ఆఫీసులో ఏటా ఎవడో ఒకడు తానే కనిపెట్టినట్టు వేసేవాడు. అలాంటివాళ్ళ సెలవు చీటీలు ఆయన బల్ల మీద చాలాకాలం మగ్గేవి.

ఈ మాట మీద ఆయన పన్నెండేళ్ళుగా ఒక పుస్తకం రాస్తున్నాడు. ఒక్క మాట మీద, పన్నెండేళ్ళు! రెండు వందల పది కాగితాలైంది. ఒకటే ప్రతి, అంతా నీలి సిరా కలంతో చేతిరాత. చెమట చుక్క పడ్డా అలుక్కుపోయే సిరా అది. తప్పు దిద్దుకోవడానికి వీలుగా ఉంటుందని ఆయన ఏరి కోరి కొన్నాడు. వింతేమిటంటే, పుస్తకమంతా ఆ మాట గురించే అయినా ఆ మాట మాత్రం అందులో ఎక్కడా లేదు. ఆ దరిద్రపు మాటను తన కలంతో రాయనని ఆయన ఒట్టు పెట్టుకున్నాడు. అది రావలసిన చోటల్లా వేలెడంత ఖాళీ వదిలాడు. అట్ట మీద కూడా ఒక ఖాళీ, దాని పక్కన "అనే మాట: అర్థము, వాడుక, దుర్వాడుక" అని ఉండేది. చదివేవాళ్ళకు ఇబ్బందే గానీ, చదివినవాళ్ళు ఎవరూ లేరు కనుక ఆ ఇబ్బంది ఇంకా ఎవరికీ కలగలేదు.

ఇంట్లో ఆయన భార్య బట్టలు కుట్టేది. కుట్టుమిషను, పుస్తకం రెండూ వీధివైపు ముందు గదిలోనే ఉండేవి. ఆవిడ మాట "కొంచెం". వంటింటి కప్పు పెచ్చులూడి పొయ్యి మీద పడినప్పుడు "కొంచెం రాలిందండీ" అంది. మెట్ల మీంచి జారినప్పుడు "కొంచెం నొప్పిగా ఉంది" అంది. ఎముక రెండు చోట్ల విరిగిందని డాక్టరు చెప్పాడు. పెద్దగుమాస్తాకు ఈ గుణం మహా నచ్చేది.

"ఈ ఊళ్ళో మాటను కొలిచి వాడే మనిషివి నువ్వొక్కదానివేనే" అన్నాడు ఆ పొద్దున బూట్లు తొడుక్కుంటూ.

"కొంచెం పక్కకి జరగండి, దారం మీ కాలి కింద ఉంది" అంది ఆవిడ.

ఇక ఆఫీసు సంగతి. అక్కడ ఫిర్యాదుల మీద కొట్టడానికి రెండు రబ్బరు ముద్రలుండేవి. ఒకటి "అర్జెంట్". రెండోది వట్టి "వెరీ". ఎన్నడో ఒక పొదుపరి అధికారి "అర్జెంట్"కీ "వెరీ అర్జెంట్"కీ వేరువేరు ముద్రలు దండగని, "వెరీ" ఒక్కటీ విడిగా చేయించాడట. కావలసినప్పుడు ముందు కొట్టుకుంటే సరిపోతుందని ఆయన లెక్క. విడిగా ఉన్న ముద్రను రెండుసార్లు కూడా కొట్టవచ్చని, మూడుసార్లూ కొట్టవచ్చని ఆ మహానుభావుడికి తోచలేదు. ఊదారంగు సిరాను పీపాలకు పీపాలు తెప్పించిందీ ఆయనే. అది సబ్బుకు పోదు, సోడాకు పోదు. కిటికీ దగ్గర ఫిర్యాదులు తీసుకునే గుమాస్తా చేతివేళ్ళు ఏడాది పొడవునా వంకాయ రంగులో ఉండేవి.

కాలక్రమాన ఊరికీ ఆఫీసుకూ మధ్య ఒక ఒప్పందం కుదిరింది. పైపుల మేస్త్రీ ఫిర్యాదును చదవడు. దాని మీది వెరీలు లెక్కపెడతాడు. ఒకటుంటే ఈ నెలలో వెళ్తాడు. రెండుంటే ఈ వారం, మూడుంటే ఇవాళ, నాలుగుంటే ఇప్పుడే. ఐదుంటే అది ఎవరో పెద్దమనిషి ఇల్లన్నమాట, అందుకని ముందు చొక్కా మార్చుకుని మరీ వెళ్తాడు. ఒక్కటీ లేదంటే ఎవడో ఊసుపోక రాశాడని అట్టడుగున పెడతాడు. జనానికీ ఈ లెక్క తెలుసు. "అమ్మా, నిన్న రెండే కొట్టారు. నీళ్ళు మంచం కిందికొచ్చేశాయి, ఇంకో రెండు వెయ్యండమ్మా" అని కిటికీ దగ్గర అడిగేవారు. కిటికీ గుమాస్తా తల బయటికి పెట్టి, వాళ్ళ ప్యాంటు ఎంతవరకు తడిసిందో చూసి, దాన్నిబట్టి కొట్టేది. ఇది సిగ్గుమాలిన పద్ధతని ఎవరైనా ఒప్పుకుంటారు. కాకపోతే ఊళ్ళో పైపులు బాగయ్యేవి.

సరిగ్గా పదిన్నరకు పెద్దగుమాస్తా కిటికీ దగ్గరికి వెళ్ళి చెయ్యి చాపాడు.

"ఆ ముద్ర ఇటివ్వమ్మా."

"ఏ ముద్ర సార్?"

"ఆ పనికిమాలినది."

"అది లేకపోతే పని నడవదు సార్."

"భాష నడుస్తుంది."

"సార్, మేస్త్రీ వెరీలు లెక్కపెడితే గానీ కుర్చీలోంచి లేవడు."

"ఏం, అతనికి చదవడం రాదా?"

"వచ్చు సార్. ఎప్పుడూ అవసరం పడలేదు."

పెద్దగుమాస్తా ఆ జవాబును వినదగ్గదిగా భావించలేదు. పన్నెండు గంటలకల్లా ఒక సర్క్యులర్ తయారుచేసి గోడకు అంటించాడు. ఇకమీదట ఆ మాట కావలసినవారు తగిన రుజువులతో పెద్దగుమాస్తాకు దరఖాస్తు పెట్టుకోవాలి. రుజువులు సరిపోతే ఆయన స్వయంగా ముద్ర వేస్తాడు. నోటితో అన్నదీ చేత్తో రాసినదీ చెల్లదు. ముద్ర పడిందే చెల్లుతుంది. ఈ చివరి షరతు చూసుకుని ఆయన మురిసిపోయాడు, దొంగలకు దారి మూసేశానని.

సాయంత్రం ముద్రనూ సిరా పెట్టెనూ సంచీలో వేసుకుని ఇంటికి పట్టుకుపోయాడు. పన్నెండేళ్ళుగా ఖాళీగా ఉన్న జాగాలను తన కలం మైలపడకుండా నింపే ఉపాయం చేతికి దొరికింది మరి. ఆ సాయంత్రమే మొదటి కాగితం మీద టపామని ఒక వెరీ కొట్టాడు. దుర్వాడుకలన్నీ ఆఫీసు ముద్రతోనే ఉండటంలో ఒక న్యాయం కూడా ఉందనిపించింది ఆయనకు.

మంగళవారం మేస్త్రీ ఫిర్యాదుల కట్ట విప్పాడు. కాగితాలు ఇటు తిప్పాడు, అటు తిప్పాడు, చివరికి పట్టుకుని దులిపాడు. ఒక్క వెరీ కూడా రాలలేదు.

"ఊరు బాగుపడిపోయిందయ్యా" అన్నాడు తన నలుగురు పనివాళ్ళతో. "ఇరవై ఆరేళ్ళ సర్వీసులో ఇలాంటి రోజు చూస్తాననుకోలేదు."

పనివాళ్ళు ఆ ఆనందంలో బండికి రంగు వేశారు. బండి అయ్యాక పనిముట్ల పెట్టెకు వేశారు. అదీ అయ్యాక తాము కూర్చునే బల్లకు వేసి, అది ఆరేదాకా నిలబడ్డారు.

అవతల ఊళ్ళో పైపులు మాత్రం ఏ సర్క్యులరూ చదవలేదు. జనం కిటికీ దగ్గర గుమికూడారు. వెరీ లేదని తెలిశాక కొందరు "టెరిబ్లీ" అని రాశారు, కొందరు "ఎక్స్‌ట్రీమ్లీ" అని రాశారు. ఒక లాండ్రీ ఆయన ఆశ్చర్యార్థకాలు పెట్టుకుంటూ పోయి కాగితం రెండో వైపుకు వచ్చాడు. పెద్దగుమాస్తా ఎర్ర సిరాతో వాటన్నింటినీ వరసగా నరుక్కుంటూ పోయాడు. బేకరీ యజమాని ఒకాయన తన కొట్టులో మోకాలి లోతు నీళ్ళున్నాయని రాస్తే, "ఎవరి మోకాలు? మనుషుల ఎత్తులు వేరు. కొలత తెలుపవలెను" అని రాసి తిప్పి పంపాడు. బేకరీ ఆయన టేపు కొనుక్కుని కొలిచి మళ్ళీ వచ్చేసరికి నీళ్ళు తొడదాకా వచ్చాయి. కొలత మారింది కనుక దరఖాస్తు కొత్తగా పెట్టుకోమన్నారు.

బుధవారం వారపు పట్టిక పై ఆఫీసుకు వెళ్ళింది. "వెరీ అర్జెంట్ కేసులు" అన్న గడిలో సున్నా ఉంది. పెద్ద ఇంజనీరు నీళ్ళ పైపును పటాల్లో తప్ప చూసిన మనిషి కాదు, అంకెలంటే మాత్రం ప్రాణం. వెంటనే ఫోను చేశాడు.

"ఏమిటండీ ఇది? పోయిన వారం నూట నలభై, ఈ వారం సున్నానా?"

"సున్నానే సార్."

"మూడు రోజుల్లో ఎలా చేశారు?"

"మూలాన్ని పట్టుకున్నాను సార్."

ఇది అబద్ధం కాదు, అందుకే ఆయన గొంతు అంత నిబ్బరంగా పలికింది. పెద్ద ఇంజనీరు పొంగిపోయాడు.

"శుక్రవారం నేనే వచ్చి ప్రశంసాపత్రం ఇస్తాను. అన్నట్టు మీరేదో పుస్తకం రాశానని నాకు ఉత్తరాలు రాస్తుంటారు కదా?"

"పదకొండు రాశాను సార్."

"దాన్ని మన శాఖ ముద్రణాలయంలో వేయిద్దాం. అన్ని ఆఫీసులకూ పంచుదాం. శుక్రవారం మీ ఇంటికొచ్చి నా చేత్తో నేనే తీసుకెళ్తాను. ఒక్కటి గుర్తుపెట్టుకోండి. వారం సున్నాతోనే ముగియాలి. ఒక్క కేసు వచ్చినా పైవాళ్ళ ముందు నా పరువు పోతుంది, మీ పుస్తకం పోతుంది."

పెద్దగుమాస్తా ఫోను పెట్టేసి చాలాసేపు కిటికీలోంచి ఆకాశం కేసి చూశాడు. పన్నెండేళ్ళుగా ఏ ప్రచురణకర్తా ఆ కట్ట తాడు కూడా విప్పలేదు. ఇప్పుడది అచ్చులో, ప్రతి ఆఫీసులో, ప్రతి బల్ల మీద! కళ్ళు చెమర్చాయి. కిటికీ కింద బేకరీ ఆయన కూడా కళ్ళు తుడుచుకుంటున్నాడు గానీ, కారణం వేరు.

ఆ సాయంత్రం ఇంటికెళ్ళి నూరో కాగితం మీద ముద్ర కొడుతుండగా భార్య గుమ్మంలోంచి అంది.

"వాకిట్లో కొంచెం తడిగా ఉందండీ."

"కొంచెమేగా" అన్నాడు ఆయన, టపామని ఇంకొకటి కొడుతూ.

గురువారం మధ్యాహ్నం ఆవిడ ఆఫీసుకు ఫోను చేసింది.

"ఇంటి ముందు వీధి పైపు కొంచెం కారుతోందండీ. ఇటుకలు వేసుకుని దాటుతున్నాం."

పెద్దగుమాస్తా చట్టానికి ఎంత కట్టుబడ్డవాడో ఇక్కడ చూడాలి. ఒక్క కేక వేస్తే మేస్త్రీ వచ్చేవాడేమో. అలా వేయలేదు. తెల్ల కాగితం తీసుకుని, "వీధి పైపు నుండి కొంచెం నీరు కారుచున్నది" అని సాధారణ పౌరుడిలా ఫిర్యాదు రాసుకున్నాడు. రాశాక దాన్ని దూరంగా పట్టుకుని చూసుకుని తానే ముగ్ధుడైపోయాడు. ఒక్క మాట ఎక్కువ లేదు, ఒక్క మాట తక్కువ లేదు. దానికొక నకలు తీయించి, "ఫిర్యాదు ఇట్లుండవలెను" అని గోడ మీద సర్క్యులర్ పక్కన అంటించాడు. అసలు కాగితం మేస్త్రీ చేతికి వెళ్ళింది. "కొంచెం అని రాసుకున్నాడు పాపం, నిజాయితీ గల మనిషి" అని మేస్త్రీ దాన్ని మెచ్చుకుంటూ అట్టడుగున పెట్టాడు.

అదే మధ్యాహ్నం ముద్ర కావాలని ఒకే వీధి వాళ్ళు పదకొండు మంది దరఖాస్తు పెట్టుకున్నారు. నీళ్ళు చీలమండల దాకా వచ్చాయని రాశారు. చీలమండ చాలదని పెద్దగుమాస్తా పదకొండింటినీ కొట్టేశాడు. అది తన వీధేనని ఆయన గమనించలేదు. ఆయన కాగితంలో విశేషణాలు చూస్తాడు గానీ చిరునామాలు చూడడు.

సాయంత్రం ఇటుకల మీదుగా గెంతుతూ ఇల్లు చేరి, మిగిలిన ఖాళీలన్నీ నింపేశాడు. ఏ కాగితం మీదా మూడు వెరీలకు తక్కువ లేవు. దుర్వాడుకల అధ్యాయంలో అయితే కొన్ని కాగితాల మీద తొమ్మిదేసి ఉన్నాయి. ఆఫీసు సిరా ఒక పట్టాన ఆరదు. దొంతరగా పెడితే ఒకదాని ముద్ర ఇంకోదానికి అంటుతుంది. అందుకని ముందు గది నేల మీద, నడవలో, రెండు వందల పది కాగితాలనూ వరసగా పరిచాడు. ముద్రను గోడకున్న మేకుకు సంచీలో తగిలించాడు.

"రేపు పెద్ద ఇంజనీరు వచ్చేదాకా వీటిని ముట్టుకోకు" అన్నాడు భార్యతో.

"కొంచెం ఎత్తు మీద పెడితేనో?"

"ఆరాలి. ఒక్క కాగితం కూడా కదపొద్దు. ఏం జరిగినా సరే."

"ఏం జరిగినానా?"

"ఏం జరిగినా."

"సరే" అంది ఆవిడ. ఆవిడ సరే అంటే సరేనే.

శుక్రవారం ఇస్త్రీ చొక్కాతో ఆఫీసులో కూర్చుని, ప్రశంసాపత్రం అందుకునేటప్పుడు ఎంత వంగాలో లెక్క వేసుకుంటుంటే పదకొండింటికి ఫోను మోగింది.

"ఏవండీ, ముందు గదిలోకి కొంచెం నీళ్ళొచ్చాయి."

"ఎంతొచ్చాయి?"

"కొంచెమే. కుట్టుమిషను మంచం మీదికి ఎక్కించాను. నేనూ మంచం మీదే ఉన్నాను."

"మరి నా కాగితాలు?"

"ముట్టుకోవద్దన్నారుగా."

ఆయన కాలు కాలిన పిల్లిలా మేస్త్రీ గదిలోకి పరిగెత్తాడు. మేస్త్రీ, పనివాళ్ళు కొత్త రంగు బల్ల మీద క్యారమ్స్ ఆడుతున్నారు.

"మేస్త్రీ, లేవయ్యా! మా ఇంటికి పద! పైపు పగిలింది!"

"మీ కాగితం ఉంది సార్. కొంచెం అని రాశారు."

"అది నిన్న! ఇప్పుడు వెరీ... వెరీ అర్జెంట్!"

ఆ మాట ఆయన నోటి నుంచి రావడం విని గదిలో క్యారమ్స్ ఆగిపోయింది. మేస్త్రీ నిదానంగా గోడ మీది సర్క్యులర్ వైపు చూపించాడు.

"నోటితో అన్నది చెల్లదు సార్. మీరే రాశారు."

"నేనే కదయ్యా రాసింది, నేనే చెబుతున్నాను!"

"రేపు ఇంకొకరొచ్చి అలాగే అంటారు సార్."

పెద్దగుమాస్తా కాగితం లాక్కుని, జేబులోంచి నీలి సిరా కలం తీశాడు. ఒక్క క్షణం చెయ్యి ఆగింది. పన్నెండేళ్ళ ఒట్టు అది. కళ్ళు మూసుకుని వెరీ, వెరీ, వెరీ, వెరీ, వెరీ అని ఐదుసార్లు రాసి మేస్త్రీ ముఖాన పెట్టాడు. మేస్త్రీ ఆ కాగితాన్ని వెలుతురుకు పెట్టి చూశాడు.

"చేత్తో రాసినదీ చెల్లదు సార్. ముద్ర ఉండాలి."

"ముద్ర ఇంట్లో ఉంది!"

"అయితే తెచ్చి కొట్టండి సార్. మేం ఎక్కడికి పోతాం?"

"తెచ్చేసరికి అంతా మునిగిపోతుందయ్యా! నువ్వే బండేసుకుని మా ఇంటికి రా, అక్కడే కొడతాను!"

"బండి కదలాలంటేనే ముద్ర కావాలి సార్."

ఈ మేస్త్రీని తిట్టడానికి లేదు. ఇరవై ఆరేళ్ళలో మొదటిసారిగా ఈ వారమే అతను కాగితాలు చదివాడు, చదివింది చదివినట్టు పాటిస్తున్నాడు. పెద్దగుమాస్తా కోరుకున్నది కూడా సరిగ్గా అదే. కిటికీ గుమాస్తా తన సీట్లోంచి ఇదంతా చూస్తోంది. నవ్వలేదు గానీ, నవ్వకుండా ఉండటానికి ఆవిడ పడుతున్న పాట్లు అందరికీ కనిపించాయి.

పెద్దగుమాస్తా బయటికి ఉరికేసరికి గుమ్మంలో పెద్ద ఇంజనీరు కారు దిగుతున్నాడు. చంకలో పటం కట్టించిన ప్రశంసాపత్రం ఉంది.

"ఎక్కడికండీ ఆ పరుగు?"

"ఇంటికి సార్! పుస్తకం... పుస్తకం సార్!"

"తెలుసు, తెలుసు. రచయితలకు ఆ ఆత్రం ఉంటుంది. ఎక్కండి కారు, ఇద్దరం వెళ్దాం. పత్రం అక్కడే మీ ఆవిడ ముందు ఇస్తాను."

నిజం చెప్పడానికి అది మంచి సమయం. చెబితే సున్నా పోతుంది, సున్నాతో పాటు అచ్చూ పోతుంది. ఒకవేళ కాగితాల దాకా నీళ్ళు రాకపోయి ఉంటే? ఆవిడ కొంచెమే అంది కదా. ఆ ఒక్క మాటను పట్టుకుని పెద్దగుమాస్తా నోరు మూసుకుని కారెక్కాడు. వెనకాల మేస్త్రీ, పెద్ద ఇంజనీరంతటివాడు స్వయంగా కదిలాడంటే అది ఐదు వెరీలతో సమానమని తనలో తాను తేల్చుకుని, చొక్కా మార్చుకుని, పనివాళ్ళతో బండి తీశాడు.

వీధి మలుపులోనే కారు ఆగిపోయింది. ముందుకెళ్ళడానికి వీధి లేదు, కాలువ ఉంది. పదకొండు ఇళ్ళవాళ్ళు గుమ్మాల్లో సామాన్లు పట్టుకుని నిలబడ్డారు. అందరి చేతుల్లోనూ ఎర్ర సిరాతో కొట్టేసిన కాగితాలున్నాయి. పెద్దగుమాస్తాను చూసి ఒక ముసలాయన టేపుతో తన చీలమండ కొలుచుకుని, ఆ టేపును ఆయనకు ఎత్తి చూపించాడు.

ఇంటి తలుపు తీసే ఉంది. మంచం మీద కాళ్ళు ముడుచుకుని భార్య గుండీలు కుడుతోంది.

"రండి సార్. కొంచెం తడిగా ఉంది, చూసుకుని అడుగెయ్యండి."

పెద్ద ఇంజనీరు చూసుకుని అడుగేశాడు. కాలు పిక్క దాకా దిగిపోయింది. గదంతా లేత నీలం రంగు నీళ్ళు. వాటి మీద రెండు వందల పది కాగితాలు మెల్లగా తిరుగుతున్నాయి. పన్నెండేళ్ళ రాత కరిగి ఆ నీళ్ళలో కలిసిపోయింది. ఒక్క అక్షరం మిగల్లేదు. మిగిలినవల్లా ఆఫీసు సిరాతో కొట్టిన ఊదారంగు వెరీలు, అప్పుడే కొట్టినట్టు నిగనిగలాడుతూ, ప్రతి కాగితం మీదా మూడేసి, ఐదేసి, తొమ్మిదేసి.

పెద్ద ఇంజనీరు ఒక కాగితం ఎత్తి చూశాడు. ఇంకొకటి చూశాడు. ఆయన మొహంలో రంగులు మారాయి.

"ఏమిటివి?"

"నా పుస్తకం సార్" అన్నాడు పెద్దగుమాస్తా.

"పుస్తకమైతే రాతేదీ?"

"నీలి సిరా సార్. కరిగిపోయింది."

"మరి ఇది కరగలేదే?"

"అది ఆఫీసు సిరా సార్."

"ఆఫీసు సిరా. ఆఫీసు ముద్ర. మీ ఇంట్లో." పెద్ద ఇంజనీరు ఒక్కో మాటా విడదీసి పలికాడు. "నూట నలభై కేసులు మూడు రోజుల్లో ఎక్కడికి పోయాయా అనుకున్నాను. ఇంటికి తెచ్చి నేల మీద పరుచుకున్నారన్నమాట!"

"అయ్యో, ఫిర్యాదులు కావు సార్! అవి దుర్వాడుకకు ఉదాహరణలు!"

"నేనూ అదే అంటున్నాను."

ఇంతలో మేస్త్రీ కొత్త చొక్కాతో లోపలికి వచ్చాడు. కాళ్ళకు అడ్డం వచ్చిన కాగితాన్ని తీసి, అలవాటు కొద్దీ లెక్కపెట్టాడు. మళ్ళీ లెక్కపెట్టాడు. కళ్ళు తేలేశాడు.

"తొమ్మిది! సార్, తొమ్మిది వెరీలు! నా సర్వీసు మొత్తం మీద ఐదు దాటి చూడలేదు!" గుమ్మంలోకి పరిగెత్తి పనివాళ్ళ మీద విరుచుకుపడ్డాడు. "ఏం చూస్తున్నారయ్యా నిలబడి! ఇక్కడ కొంప మునిగిపోతుంటే! ముద్రలతో సహా ఉంది!"

పన్నెండు నిమిషాల్లో వీధి చివర వాల్వు బిగించారు. అరగంటలో పగిలిన పైపు బయటపడింది. అన్ని వెరీలు ఒక్క ఇంటివే అయి ఉండవని తేల్చుకుని మేస్త్రీ సాయంత్రానికల్లా ఊరంతా తిరిగి, బేకరీతో మొదలుపెట్టి ప్రతి పైపూ బాగుచేశాడు. పెద్ద ఇంజనీరు ప్రశంసాపత్రాన్ని తిరిగి చంకలో పెట్టుకుని, తడిసిన ప్యాంటుతో కారెక్కి వెళ్ళిపోయాడు. వెళ్ళేముందు పెద్దగుమాస్తాను మర్నాటి నుంచి కిటికీ దగ్గరా, కిటికీ గుమాస్తాను ఆయన కుర్చీలోనూ కూర్చోమని నోటితోనే ఉత్తర్వు చేశాడు. అది చెల్లింది.

నీళ్ళు దిగాక పెద్దగుమాస్తా తడి గుమ్మం మీద కూలబడ్డాడు. భార్య కాగితాలను ఒక్కొక్కటే ఏరి, కుట్టుదారం కట్టి దాని మీద ఆరేస్తోంది. ఇంతసేపూ ఈ మనిషిని వెక్కిరిస్తూ వచ్చాను గానీ, ఆ గుమ్మం మీద ఆయన కూర్చున్న తీరు చూస్తే ఎవరికైనా జాలేస్తుంది.

"ఎంత పోయిందే?" అని అడిగాడు, తల ఎత్తకుండా.

ఆవిడ చేతిలో ఉన్న కాగితం తిప్పి చూసింది. "కొంచెమే" అనబోయి ఆగింది. కాగితాన్ని దారం మీద వేసి, వచ్చి ఆయన పక్కన తడిలోనే కూర్చుంది.

"చాలా పోయిందండీ" అంది.

ముప్పై ఏళ్ళ కాపురంలో ఆవిడ నోట ఆ మాట విని ఎరగడు. ఆయన భుజం మీద ఆవిడ చెయ్యి వేసింది. ఆయన అప్పుడు ఏడ్చాడు. ఎంత ఏడ్చాడన్నది కొలిచి చెప్పడానికి ఆయన పుస్తకంలో మాటలుండేవి గానీ, పుస్తకం దారం మీద ఆరుతోంది.

ఆరాక ఆ కాగితాలు వృథా పోలేదు. ఇప్పుడు కిటికీ దగ్గర ఫిర్యాదులు రాసుకోవడానికి మాజీ పెద్దగుమాస్తా వాటినే ఇస్తున్నాడు. వెరీలు ముందే కొట్టి ఉండటం జనానికి కొంచెం సౌకర్యంగా ఉంది.